నన్నడగకుండా వద్దన్న సూది

మా ఇంట్లో రహస్యాలన్నీ తెలుగులోనే నడిచేవి. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా క్వార్టర్‌కి అటూ ఇటూ ఉన్నవాళ్ళు హిందీవాళ్ళు, ఛత్తీస్‌గఢీవాళ్ళు. పక్కింటావిడ మా వరండాలో కూర్చుని బఠాణీలు ఒలుస్తుండగానే ఆవిడ కోడలి గురించి మేం తెలుగులో హాయిగా మాట్లాడేసుకునేవాళ్ళం. బజార్లో బేరం దగ్గర, వాడింక తగ్గడు తీసేసుకో అని మా ఆయన వాడి ఎదురుగానే నాకు చెప్పేవారు. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబాల్లో ఇన్నాళ్ళూ భాష మిగిలిందంటే, అందులో సగం పుణ్యం ఈ గుట్టుదే. అలాంటి ఇంట్లో ఒకసారి నా దగ్గరే ఒక సంగతి దాచాల్సి వచ్చింది. దానికి వాళ్ళ దగ్గర భాష లేకపోయింది. తెలుగులో చెప్పుకున్నా నాకు తెలుస్తుంది, హిందీలో చెప్పుకున్నా తెలుస్తుంది. అందుకని అందరూ మాటలే మానేశారు.

నేను రిజర్వేషన్ కౌంటర్లో పనిచేస్తాను. కిటికీకి అవతల నిలబడ్డ మనిషి నోరు తెరవకముందే, చెప్పబోయేది నిజమో కట్టుకథో నాకు తెలిసిపోతుంది. చచ్చిపోని మామగారి అంత్యక్రియలకి అర్జెంటుగా బెర్తు అడిగినవాళ్ళని ఎంతమందిని చూశానో. నా ముందు నాటకం ఆడాలంటే కాస్త సాధన కావాలి. మా వాళ్ళకి అది లేదు.

కొన్ని నెలలుగా పొట్ట పైభాగంలో, రొమ్ము ఎముకకి కాస్త కింద, ఒకటే సలుపు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. జాకెట్లు వదులయ్యాయి. రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం కదా, గ్యాస్ అనుకున్నాను. ఆసుపత్రిలో ఇచ్చిన మాత్రలు వేసుకున్నాను, తగ్గలేదు. చివరికి పొట్ట స్కానింగ్ చేస్తే కాలేయం ఎడమవైపు గడ్డలాంటిది కనిపించింది. రాయపూర్‌లో ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్ళమన్నారు. అక్కడ నరంలోకి మందు ఎక్కించి ఇంకో పెద్ద స్కాన్ తీశారు. అది చూశాక డాక్టరు ఆయన్ని ఒక్కరినే లోపలికి పిలిచారు. పొట్ట నాది, పిలుపు ఆయనకి. నేను బయట కుర్చీలో కూర్చుని ఎదురుగా గోడ మీద చేతులు ఎలా కడుక్కోవాలో చెప్పే బొమ్మలు చూస్తూ ఉండిపోయాను. బయటికి వచ్చినప్పుడు ఆయన నవ్వారు. ఆయనకి నవ్వు అతకలేదు.

ఇంటికొచ్చాక మర్యాదలు మొదలయ్యాయి. పొద్దున్న నేను లేచేసరికి ఆయన టీ పెట్టి ఉంచుతున్నారు, అదీ నా గ్లాసులో, సరిపడా చక్కెరతో. పెళ్ళయ్యాక అలాంటి అద్భుతం అదే మొదలు. ఊళ్ళోనే నెహ్రూ నగర్‌లో కాపురం ఉంటున్న మా అమ్మాయి, బ్యాంకులో లెక్కలు ముగించే మార్చి నెలైనా సెలవు పెట్టి వచ్చేసింది. ఆయన అక్కగారు, నాకు వదిన, ఊళ్ళోనే తెలిపారాలో ఉన్న తన ఇంటికి తాళం వేసి బట్టల సంచీతో దిగింది. వదిన మా ఇంటికి వస్తే కూర్చోకముందే వంటింటి డబ్బాలు తెరిచి వంకలు పెట్టాలి. ఈసారి మూతలు కూడా తియ్యలేదు. నేను ఏ గదిలోకి అడుగుపెడితే ఆ గదిలో మాటలు ఆగిపోయేవి. 'అమ్మా, తుమ్ బైఠో న, నేను చేస్తాను కదా' అని అమ్మాయి నా చేతిలో గరిటె లాక్కునేది. బతికుండగానే నాకు దినవారాలు పెడుతున్నారా అనిపించి ఒళ్ళు మండిపోయింది.

ఆయన గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యారు. బండి చివర పెట్టెలో ఒంటరిగా కూర్చుని, చూసింది చూసినట్టు చెప్పడమే ఆయన జీవితమంతా చేసిన పని. కాబట్టి ఆయన్నే పట్టుకున్నాను. అమ్మాయీ వదినా వంటింట్లో ఉండగా వరండాలో ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఏటండీ, నాకేటయింది?"

"ఏటీ లేదు. చిన్న గడ్డ. తీసీస్తారు."

"నా మొహం చూసి చెప్పండి."

ఆయన టీ గ్లాసు కింద పెట్టేశారు. కాసేపు రోడ్డు వైపు చూశారు. తర్వాత, "క్యాన్సరంటన్నారే," అన్నారు. ఆ మాట అనేసి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

నాకు భయం వేసింది. అమ్మాయి మొహం, దానికి ఎప్పుడో పుట్టబోయే బిడ్డ మొహం, రెండూ ఒకేసారి కళ్ళ ముందు తిరిగాయి. చావంటే ఇంత భయమని నాకు అంతవరకూ తెలియదు. ఆ భయం ఎంతసేపు ఉందో చెప్పలేను గాని, దాని వెనకే కోపం తన్నుకొచ్చింది. ఇన్ని రోజులుగా నా చావు గురించి నాకు తప్ప అందరికీ తెలుసు. నా ఎదురుగా కూర్చుని తింటూ, నేను లేని ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకుంటున్నారు. పక్కింటావిడకి కూడా తెలుసని తర్వాత తెలిసింది. వదిన ఆవిడకి హిందీలో చెప్పేసింది.

"డాక్టర్ దగ్గరికి మళ్ళీ వెళ్దాం. ఈసారి లోపలికి నేనొస్తాను," అన్నాను.

ఆ సర్జన్ మంచి మనిషే. నన్ను చూసి కాస్త ఇబ్బంది పడ్డా, అడిగినవాటికి ఓపిగ్గా జవాబు చెప్పారు. కాలేయంలో ఎడమ భాగం కోసి తీసేస్తామన్నారు. తీసింది పరీక్షకి పంపి, అవసరమైతే తర్వాత మందులు ఎక్కిస్తామన్నారు. ఆపరేషన్‌కి రోజు కూడా ఇచ్చేశారు.

"అది క్యాన్సరని ఎలా తెలిసింది?" అని అడిగాను.

"స్కాన్‌లో అలాగే కనిపిస్తోంది. గట్టి అనుమానం."

"రక్తపరీక్షలో వచ్చిందా?"

"రక్తంలో ఏమీ తేలలేదు. కొందరికి తేలదు."

"అయితే కొయ్యకముందు తెలుసుకునే దారి లేదా?"

ఆయన మా ఆయన వైపు చూశారు. "సూదితో చిన్న ముక్క తీసి చూద్దామని నేను ముందే చెప్పాను. మీ ఇంట్లోవాళ్ళు వద్దన్నారు కదా," అన్నారు.

నేను మా ఆయన వైపు తిరిగాను. ఆయన చెప్పుల వైపు చూసుకుంటున్నారు.

అనుమానం అంటే మా కౌంటర్ భాషలో వెయిటింగ్ లిస్టు. వెయిటింగ్ లిస్టు టికెట్టు చేత్తో పట్టుకుని, ఇది ఖాయమే కదా మేడమ్ అని ప్రాధేయపడేవాళ్ళకి, చార్టు తయారయ్యేదాకా ఏదీ ఖాయం కాదని చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. ఆ మాట నాకు నేను చెప్పుకోకపోతే ఎలా? "సూది పరీక్ష చెయ్యండి. అది తేలేదాకా నన్ను కొయ్యనివ్వను," అన్నాను. డాక్టరు తల ఊపి రోజు మార్చారు.

తిరిగొచ్చేటప్పుడు రైల్లో ఆయన నోరు విప్పారు. వద్దన్నది తను కాదట, అప్ప వద్దందట. అప్ప అంటే మా వదిన. సూది గుచ్చితే గడ్డ చెదిరి ఒళ్ళంతా పాకుతుందని ఆవిడ నమ్మకం. ఆవిడ ఒక్కదానిదే కాదు, మా వాళ్ళందరిదీ. రొమ్ములో గడ్డ అయినా, మెడ మీద కాయ అయినా, ముట్టుకోకు, గుచ్చించుకోకు, కొయ్యాలంటే మొత్తం కోయించీ అంటారు. ఆ మాట మీద ఆయన డాక్టరుకి వద్దని చెప్పి వచ్చేశారు. నాకు సూది గుచ్చితే నేను పోతానని, నన్ను కాపాడుకోవడానికే వద్దన్నారు. ఆ సంగతి అర్థమయ్యాక కూడా నా కోపం తగ్గలేదు.

ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగింది. వదిన వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఏటే, నీకు మతిపోయిందేటి? గుచ్చీసేక పాకీస్తాది. మీ అన్నయ్యగారికి ఏటయిందో నువ్వు చూసేవు కదా."

వదిన భర్త లోకో షెడ్‌లో ఫిట్టరు. నేను ఆయన్ని అన్నయ్యగారూ అనేదాన్ని. ఆయనకి పొట్టలో గడ్డ వచ్చినప్పుడు సూది పరీక్ష చేశారు. ఆ తర్వాత ఎన్నాళ్ళో బతకలేదు. వదిన కళ్ళకి సూది కనిపించింది, ఆ వెనక చావు కనిపించింది. రెంటికీ ముడి పడిపోయింది.

"అన్నయ్యగారి జబ్బు అప్పటికే ముదిరిపోయింది వదినా. సూది వల్ల కాదు."

"నువ్వు డాక్టరువేటి?"

"కాను. మీరూ కారు. అందుకే ఫోన్ చేసి డాక్టరునే అడిగాను. లక్షణంగా చేయించుకోవచ్చన్నారు."

అమ్మాయి మధ్యలో దూరింది. "అమ్మా, రిస్క్ క్యోం లేనా, ఎందుకు ఈ రిస్క్ తీసుకోవడం? డాక్టర్ ఆపరేషన్ అంటున్నారు కదా, చేయించేసుకుందాం. అచ్ఛా, సూదిలో ఏమీ రాకపోతే? అప్పుడు కూడా అనుమానం పోదు కదా."

ఆ మాటలో నిజం ఉంది. డాక్టరు కూడా ఆ సంగతి దాచలేదు. ఒక్కోసారి సూది ముక్కలో ఏమీ తేలకపోవచ్చు, అప్పుడు మళ్ళీ ఆలోచించాలి అన్నారు. అయినా నాకు పట్టుదల వచ్చేసింది. "పేరు తెలియని దానికి నా కాలేయంలో సగం ఇవ్వను. క్యాన్సరని తేలితే ఆ రోజే బల్ల ఎక్కుతాను, ఒక్క మాట మాట్లాడను. తేలకుండా ఎక్కను," అని చెప్పేశాను. ఈ గొడవ మధ్యలోనే, తఖత్‌పూర్ దగ్గర ఒకాయన ఆకుపసరు ఇస్తాడని, దానికి ఎలాంటి గడ్డయినా కరిగిపోతుందని ఎవరో చెప్పారట. వదిన ఆటో మాట్లాడేసింది. ఆ ఆటోని నేనే వెనక్కి పంపాను. రెండు రోజులు వదిన నాతో మాట్లాడలేదు. నా కంచంలో కూర మాత్రం వడ్డించింది.

సూది పరీక్ష రోజు పొద్దున్నే రాయపూర్ వెళ్ళాం. స్కాన్ గదిలో ఉన్న డాక్టరమ్మకి మా అమ్మాయి కన్నా కాస్త ఎక్కువ వయసుంటుంది. సూది ఎక్కడినుంచి, ఎంత లోతుకి దించాలో చూసుకోవడానికి నా పాత స్కాన్ బొమ్మలన్నీ మొదటినుంచీ వేసుకుని చూస్తోంది. నేను బల్ల మీద పడుకుని పైకప్పు చూస్తూ నాకొచ్చిన దేవుళ్ళ పేర్లన్నీ తలుచుకుంటున్నాను. ఉన్నట్టుండి ఆవిడ చెయ్యి ఆగింది. ముందుకీ వెనక్కీ రెండు మూడుసార్లు తిప్పి చూసింది. నరంలోకి మందు ఎక్కించకముందు తీసిన బొమ్మలట అవి. వాటిలో ఏదో ఉంది.

"ఆంటీ, మీరు చేపలు తింటారా?" అని హిందీలో అడిగింది.

ఈ పిల్లకి ఇదేం ప్రశ్న అనుకున్నాను. "తింటాం. మేం ఆంధ్రావాళ్ళం," అన్నాను.

"ఈమధ్య ఎప్పుడైనా ముల్లు గుచ్చుకుందా, గొంతులో?"

లేదని చెప్పబోయాను. చెప్పబోతూ ఆగాను.

వానాకాలం చివర్లో ఒక ఆదివారం. తెలిపారాలో వదిన ఇంట్లో భోజనం. ఇక్కడ రోహు అంటారు గాని, వదిన ఇప్పటికీ శీలావతి అనే అంటుంది. చింతపండు పులుసు, మా వైపు వండినట్టు చిక్కగా. మాటల్లో పడి తింటుంటే గొంతులో చురుక్కుమంది. మా వాళ్ళకి చేప ముల్లు గుచ్చుకుందని చెప్పుకోవడమంటే నామోషీ. ముల్లు తియ్యడం రాని పిల్లని కోడలిగా చేసుకోకూడదని మా అత్తగారు అనేది, సగం వేళాకోళంగా, సగం నిజంగానే. అంచేత నేను నోరు మూసుకుని నీళ్ళు తాగుతున్నాను. వదిన కనిపెట్టేసింది. వట్టి అన్నం తీసి గట్టిగా ముద్ద చేసి నా నోట్లో పెట్టింది. "నమలకు, మింగీ," అంది. మింగాను. ఇంకోటి పెట్టింది. అదీ మింగాను. గొంతు తేలికపడింది. చిన్నప్పటినుంచీ మా అందరి ఇళ్ళలో ముల్లుకి మందు అదే. గొంతులోంచి దిగితే కథ అయిపోయినట్టే, ఎక్కడికి దిగిందో ఎవరూ అడగరు. చేతులు కడుక్కుని టీవీ ముందు కూర్చున్నాం. మళ్ళీ ఆ సంగతి నాకు గుర్తు రాలేదు.

డాక్టరమ్మకి చెప్పాను. ఆవిడ తెర నా వైపు తిప్పింది. బూడిదరంగు మసక మధ్యలో సన్నటి తెల్లటి గీత, కుట్టు ఊడిన దారప్పోగంత. ముల్లు కడుపు గోడని చీల్చుకుని పక్కనే ఉన్న కాలేయంలోకి దిగి ఉంటుందట. దాని చుట్టూ మాంసం వాచి, గట్టిపడి, చూడ్డానికి అచ్చం క్యాన్సర్ గడ్డలా తయారైంది. చాలా అరుదుగా అవుతుందంది. మందు ఎక్కించాక తీసిన బొమ్మల్లో గడ్డ బాగా కనిపిస్తుంది గాని, ఆ గీత అందులో కలిసిపోతుందట. అందుకే ముందు ఎవరి కంటా పడలేదు.

"అయినా ముక్క తీస్తాను. ఖాయం చేసుకోవాలి కదా," అంది.

"తియ్యమ్మా. అందుకే వచ్చాను," అన్నాను.

సూది నొప్పి పెట్టింది. అందరూ భయపెట్టినంత కాదు, అస్సలు లేదనీ కాదు. రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తిండి సయించలేదు. క్యాన్సర్ కణాలు లేవని, వట్టి వాపేనని తేలింది. సర్జనే స్వయంగా ఫోన్ చేసి చెప్పారు, ఈసారి నాకే. మా ఆయన అది విని వరండాలోకి వెళ్ళి, కాలనీ అంతా వినపడేలా ముక్కు చీదుకున్నారు. నాకు మాత్రం నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఒళ్ళంతా అలసట కమ్మేసి గోడకానుకుని కూర్చుండిపోయాను.

తర్వాత పొట్టమీద చిన్న కన్నాలు పెట్టి ముల్లు తీసేశారు. కాలేయం దాని మానాన అది ఉంది. ముల్లుని చిన్న సీసాలో వేసి చూపించారు. నా చిటికెన వేలు గోరుకి రెండింతలు ఉంటుంది, అంతే. అంత దానికోసం నా ఇంట్లో అంత ఏడుపు జరిగింది.

ఆపరేషన్ మర్నాడు వార్డులో ఆయనా అమ్మాయీ నా మంచం పక్కన చేరి గుసగుసలు మొదలెట్టారు. వదిన సాయంత్రం బండికి వస్తోందట. ముల్లు చేతికొచ్చేదాకా ఏదీ ఖాయం కాదని నేను ఆవిడకి అప్పటిదాకా చెప్పలేదు. ముల్లు సంగతి ఆవిడకి చెప్పకూడదని అమ్మాయి. ఇన్‌ఫెక్షన్ అని చెప్పేద్దామని ఆయన. తన చేతి ముద్ద వల్లే ఇంతా అయిందని తెలిస్తే అప్ప తట్టుకోలేదు, ఆ బీపీతో ఏదైనా అయితే అన్నారు.

"మళ్ళీ మొదలెట్టారా?" అన్నాను. కుట్లు లాగుతున్నా లేచి కూర్చున్నాను. "నేను చెప్తాను."

వదిన వచ్చింది. టిఫిన్ క్యారియర్ కింద పెట్టి, నా నుదురు ముట్టుకుని చూసి, "ఇంతకీ ఏటంటారు? ఏటొచ్చింది లోపల?" అంది.

"చేప ముల్లు వదినా."

"ఏ ముల్లు?"

"మీ ఇంట్లో తిన్న రోజుది. గొంతులోంచి దిగి, లోపల గుచ్చుకుంది."

ఆవిడకి చప్పున గుర్తొచ్చింది. నా మొహం చూసింది, తన కుడిచెయ్యి చూసుకుంది. మంచం అంచు పట్టుకుని కూర్చుంది. అమ్మాయి 'చెప్పాను కదా' అన్నట్టు నా వైపు చూసింది.

"నాను వద్దన్నట్టు సూది మానీసుంటే?" అంది చివరికి.

"కాలేయం సగం కోసేసి ఉండేవాళ్ళు."

"నామీద కోపంగా ఉన్నావా?"

"ముద్ద పెట్టినందుకు లేదు. మా అమ్మయినా అదే పెట్టేది. నన్నడక్కుండా నా తరఫున వద్దన్నారే, దానికి ఉంది. మీ తమ్ముడి మీద కూడా ఉంది."

వదిన తలూపింది. కళ్ళనీళ్ళు కొంగుతో తుడుచుకుంది. బీపీ ఏమీ పెరగలేదు. కాసేపయ్యాక తనలో తాను చెప్పుకుంటున్నట్టు అంది.

"మీ అన్నయ్యగారికి నాను చెప్పనేలేదు. అల్సరన్నాను. ఆయన అడిగేవోరు. అన్నం తింటా తింటా ఆగిపోయి, నిజంగా అల్సరేనేటే అనేవోరు. అవునండీ అనేదాన్ని. మళ్ళీ అడిగేవోరు. ఆయనకి తెలిసిపోయిందే. నాకు తెలుసునో లేదో కనుక్కుందామనే అడిగేవోరు. ఇద్దరం ఒక ఇంట్లోనే ఉండి, ఎవరికి వాళ్ళం ఏడిసీవోళ్ళం."

నేను ఆయన్నీ అమ్మాయినీ దగ్గరికి రమ్మన్నాను. చెప్పదలుచుకున్నది వదిన ముందే చెప్పేశాను. ఇక మీదట నాకు ఏ జబ్బొచ్చినా, అది ఎంత పాడు జబ్బైనా, మొదట వినాల్సింది నేను. ఏం చేయించుకోవాలో, ఏది వద్దో చెప్పేది నేను. ఏడవాలంటే నా ఎదురుగానే ఏడవండి, నేనూ కలుస్తాను అన్నాను. ఆయన సరేనన్నారు. అమ్మాయి నా చెయ్యి పట్టుకుని సరేనంది, తెలుగులోనే.

వదిన టిఫిన్ క్యారియర్ మూత తియ్యబోయి ఆగింది.

"నాక్కూడా అలాగే," అంది. "నాకేదైనా వస్తే, నాకే చెప్పండి."